నక్షత్రాల సాక్ష్యం – నిలకడ మీది నిజం

పెండ్లినాటి రాత్రి పురోహితుడు వధూవరులను ఆరుబయటికి తీసికొనివచ్చి ధ్రువుని, అరుంధతిని చూపించును. ధ్రువుడు కదలనివాడు గనుక కాపురం కూడ కదలక నిలువవలెనని ఆ ఆచారంలోని ఆకాంక్ష. ధ్రువమనే మాటకే నిశ్చలమనియు, నిశ్చయమనియు అర్థాలు స్థిరపడినవి. పాఠశాలలో విద్యార్థి కిచ్చే కాగితాన్ని నేటికిని ధ్రువపత్రమనే వ్యవహరిస్తున్నారు. అయితే ఆ ధ్రువనక్షత్రమే సుమారు నాలుగు దినాల కొకమారు ఉబ్బుతూ, కుంచించుకొంటూ, దానితోపాటు తన వెలుగును పెంచుకొంటూ, తగ్గించుకొంటూ ఉన్నదని ఖగోళశాస్త్రం చెప్పుతున్నది. ఆ మార్పు మిక్కిలి స్వల్పం. కంటికి అందదు, కొలతకు అందును.

ఈ మాట విని ధ్రువునికి మచ్చ వచ్చినదని ఎవరును చింతింప నక్కరలేదు. నక్షత్రాల నుండి పిడికెడు మట్టి తెచ్చి పరీక్షించే మార్గం మానవునికి లేదు. అక్కడినుండి ఇక్కడికి వచ్చే వార్తలో అత్యధిక భాగం వెలుగే. ఆ వెలుగు ఎప్పుడు తగ్గినది, ఎంత తగ్గినది, ఎన్నాళ్లకు మరల తగ్గినది, ఏ రంగులో ఎక్కువ తగ్గినది అను నాలుగు ప్రశ్నలకు వచ్చిన సమాధానాల మీదనే నేటి ఖగోళవిజ్ఞానంలో పెద్ద భాగం నిలిచి ఉన్నది. 2025 సెప్టెంబరునాటికి సౌరకుటుంబానికి వెలుపల ధ్రువపడిన గ్రహాల సంఖ్య ఆరువేలు దాటినట్లు అమెరికా అంతరిక్షసంస్థ నాసా ప్రకటించినది. వానిలో అధికభాగాన్ని ఎవరును కంటితో చూడలేదు. తమ సూర్యుని ముందునుండి దాటిపోయినప్పుడు ఆ సూర్యుని వెలుగు ఇసుమంత తగ్గుటచేతనే అవి పట్టుబడినవి.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో మరియొక వార్త ప్రపంచమంతట గుప్పుమన్నది. సింహరాశిలో 124 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న కె2-18బి అనే గ్రహం మీద జీవానికి చిహ్నం కావచ్చునను పదార్థపు జాడ కనిపించినదని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నిక్కు మధుసూదన్, ఆయన సహచరులు ప్రకటించినారు. శాస్త్రజ్ఞులు జాగ్రత్తగా "కావచ్చును" అన్నచోట కొన్ని శీర్షికలు "జీవం దొరికినది" అన్నంత పని చేసినవి. మరునాడు తరగతిలో పిల్లలు "అక్కడ మనుష్యులున్నారట గదా, నిజమేనా?" అని అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? ఔననుటకును వీలులేదు, కట్టుకథ అని కొట్టివేయుటకును వీలులేదు. దీనికి సరియైన సమాధానం చెప్పవలెనంటే, వెలుగు ఇచ్చే సాక్ష్యాన్ని మానవుడు ఎట్లు నమ్మడం నేర్చుకొన్నాడో, ఎట్లు అనుమానించడం నేర్చుకొన్నాడో రెండును తెలియవలెను.

బాలుని ఊహ – నూరేండ్ల నిరీక్షణ

పర్సియస్ రాశిలో అల్గోల్ అనే నక్షత్రం ఉన్నది. ఆ పేరు అరబ్బీ భాషలో రాక్షసుని శిరస్సు అను అర్థంగల మాటనుండి వచ్చినది. 1782లో ఇంగ్లండులోని యార్కు నగరంలో జాన్ గుడ్రిక్ అనే యువకుడు ఆ నక్షత్రాన్ని రాత్రి తరువాత రాత్రి చూచినాడు. పసితనంనుండి అతనికి చెవులు వినబడవు. అల్గోల్ రెండు దినాల ఇరువది గంటల నలుబదితొమ్మిది నిమిషాల కొకమారు తన వెలుగులో సుమారు మూడవవంతుకు పడిపోయి, కొన్ని గంటలలోనే మరల కోలుకొనునని అతడు గమనించినాడు. 1783లో లండనులోని రాయల్ సొసైటీకి ఈ సంగతి తెలిపినాడు. ఏదో ఒక చీకటిగోళం దానిచుట్టు తిరుగుతూ అడ్డువస్తున్నదేమో అనునది అతని ఊహలలో ఒకటి. నక్షత్రం మీద మచ్చలుండి అది తిరుగుతున్నదేమో అనునది మరియొకటి. ఆ సంఘం అతనికి కోప్లీ పతకం ఇచ్చినది. అప్పటికి అతని వయస్సు పందొమ్మిదేండ్లు. ఇరువదిరెండు నిండకముందే, 1786లో, అతడు మరణించినాడు.

సూర్యచంద్రులను రాహుకేతువులు మింగుటలేదనియు, నీడలే గ్రహణాలకు కారణమనియు ఆర్యభటుడు 499నాటికే చెప్పి ఉన్నాడు. ఆ గ్రహణమే నక్షత్రాల నడుమ కూడ జరుగవచ్చునని ఊహించుటలో గుడ్రిక్ గొప్పతనమున్నది. అయినను అతని ఊహను లోకం వెంటనే సత్యమని స్వీకరించలేదు. 1889లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఫోగెల్ అనే శాస్త్రజ్ఞుడు అల్గోల్ వర్ణపటాన్ని పరీక్షించి, ఆ నక్షత్రం కంటికి కనబడని తోడుతో కలిసి నిజంగానే తిరుగుతున్నదని నిరూపించినాడు. గుడ్రిక్ ఊహకును, దాని రుజువుకును నడుమ నూట ఆరు సంవత్సరాలు గడచినవి. ఊహ ఎంత అందమైనదైనను రెండవ సాక్షి వచ్చువరకు అది ఊహయే. ఖగోళశాస్త్రం ఈ నియమాన్ని అప్పటినుండి పట్టుకొని ఉన్నది.

దాటిపోయే గ్రహాలు

గ్రహాలను పట్టే పద్ధతిలోని మూలసూత్రం గుడ్రిక్ ఊహించిన సూత్రమే. తేడా అంతయు పరిమాణంలో ఉన్నది. ఊరి చివర స్తంభం మీద వెలిగే దీపాన్ని ఇవతల పొలిమేరనుండి చూస్తున్నప్పుడు ఒక పురుగు దాని ముందునుండి ఎగిరిపోయినదనుకొనుడు. పురుగు కనబడదు, దీపం వెలుగులో వచ్చిన తగ్గుదల మాత్రం, తగిన పరికరముంటే, కొలువవచ్చును. బృహస్పతి అంతటి గ్రహం సూర్యునివంటి నక్షత్రం ముందునుండి పోతే నూటికి ఒక వంతు వెలుగు తగ్గును. భూమి అంతటిది పోతే పదివేలలో ఒక వంతుకంటె తక్కువ. అదియును సంవత్సరాని కొకమారు, సుమారు పదమూడు గంటలసేపు మాత్రమే.

1999లో హెచ్.డి. 209458 అనే నక్షత్రం మూడున్నర దినాల కొకమారు ఈ విధంగా మసకబారుతున్నదని రెండు బృందాలు వేరువేరుగా చూచినవి. అదివరకే మరియొక పద్ధతిలో జాడ తెలిసిన గ్రహమే దానికి కారణమని తేలినది. అక్కడనుండి దారి తెరచుకొన్నది. 2009లో నాసా పంపిన కెప్లర్ దూరదర్శిని హంస, వీణ రాశుల నడుమ ఆకాశంలో ఒకే చోట చూపు నిలిపి, లక్షన్నర నక్షత్రాల వెలుగును నాలుగేండ్లపాటు కొలిచినది. యంత్రంలోని చక్రాలు చెడిన తరువాత కూడ మరియొక రీతిలో పనిచేసి, 2018లో విశ్రమించునాటికి రెండువేల ఆరువందలకు పైగా గ్రహాల ఉనికిని బయటపెట్టినది.

ఈ సంఖ్యల వెనుక ఉన్న పట్టుదలను విద్యార్థులు గమనింపవలెను. వెలుగు ఒకమారు తగ్గితే అది సంఘటన. రెండుమారులు తగ్గితే అనుమానం. మూడుమారులు సమానమైన ఎడములో, సమానమైన లోతులో తగ్గితేనే కెప్లర్ బృందం దానిని గ్రహంగా పరిశీలనకు స్వీకరించినది. భూమివంటి గ్రహం విషయంలో దీనికే మూడేండ్లు పట్టును. అంతటితోను ముగియదు. దూరాన వెనుకనున్న జంటనక్షత్రం గ్రహణానికి లోనైతే, ఆ తగ్గుదల ముందున్న నక్షత్రపు వెలుగుతో కలిసి చిన్నదై, గ్రహంవలె కనబడవచ్చును. అటువంటి మారువేషాలను ఏరివేసిన తరువాతనే గ్రహమను పేరు వచ్చును. ఆరువేల సంఖ్యకు వెనుక ఇంకను తీర్పు రాని అభ్యర్థులు వేలకొలది ఉన్నవి.

మారే వెలుగు, తెలిసే దూరం

అడ్డువచ్చినందువలన తగ్గే వెలుగు ఒకటి. తనంత తానే మారే వెలుగు మరియొకటి. ధ్రువుడు ఈ రెండవ జాతికి చెందినవాడు. ఈ జాతికి సెఫీడ్ తారలని పేరు. దీనికి పేరిచ్చిన డెల్టా సెఫీ అనే నక్షత్రపు మార్పును 1784లో కనుగొన్నవాడు కూడ ఆ గుడ్రిక్కే.

అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో హెన్రియెట్టా లెవిట్ అనే వనిత ఆకాశపు ఛాయాచిత్రాల గాజుపలకలను ఒక్కొక్కటిగా పరీక్షించి, దక్షిణాకాశంలోని మెగల్లాన్ మేఘాలలో వెలుగు మారే నక్షత్రాలను వెదకినది. 1908లో ఆమె ప్రకటించిన పట్టికలో అటువంటివి 1777 ఉన్నవి. ఎక్కువ కాంతిగల సెఫీడ్ నిదానంగా మారుననియు, తక్కువ కాంతిగలది త్వరగా మారుననియు 1912లో ఆమె నిర్ధారించినది. ఈ నియమం తెలిసిన తరువాత లెక్క తేలికైనది. దీపం అసలు శక్తి ఎంతో దాని మార్పుకాలం చెప్పును. కనబడే వెలుగు ఎంతో కన్ను చెప్పును. ఈ రెంటినిబట్టి దీపం ఎంత దూరాన ఉన్నదో గణితం చెప్పును. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా అనే మసకమచ్చలో ఒక సెఫీడ్‌ను గుర్తించి, అది మన పాలపుంతకు వెలుపలనున్న మరియొక మహాతారామండలమని తేల్చినాడు.

ఇక్కడ కూడ సాక్ష్యానికి అడ్డుప్రశ్నలు తప్పలేదు. హబుల్ లెక్కలో ఆండ్రోమెడా దూరం తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలకు కొంచెం పైన వచ్చినది. సెఫీడ్‌లలో రెండు తెగలున్నవనియు, అంతవరకు వానిని కలిపి లెక్కించినారనియు 1952లో వాల్టర్ బాడే వెల్లడించుటతో ఆ దూరం రెట్టింపునకు పైబడినది. నేడు దానిని సుమారు ఇరువదియైదు లక్షల కాంతి సంవత్సరాలుగా చెప్పుతున్నారు. నక్షత్రం అన్నాళ్లును ఒకే మాట చెప్పినది. దానిని విన్నవారికి ఆ తెగల భేదం తెలియుటకు మాత్రం ముప్పది సంవత్సరాలు పట్టినది.

ధూళి చేసిన అల్లరి

ఆర్ద్ర పేరు ఎరుగని తెలుగు రైతు లేడు. సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశించినప్పుడు వచ్చే కార్తెను చూచుకొనియే తొలకరి పనులకు దిగుదురు. చలికాలపు సాయంకాలాలలో ఎర్రగా మెరిసే ఆ ఆర్ద్రయే పాశ్చాత్యులు బెటెల్‌జ్యూస్ అని పిలిచే మహాతార. 2019 చివర అది మసకబారడం మొదలుపెట్టి, 2020 ఫిబ్రవరినాటికి మామూలు వెలుగులో సుమారు మూడవవంతుకు దిగినది. పల్లెలో పెరటిలో నిలుచున్న పిల్లవానికి కూడ ఆ తేడా కనబడదగినదే. నక్షత్రం పేలిపోనున్నదని లోకమంతట ప్రచారమైనది. ఏప్రిల్ వచ్చునప్పటికి ఆర్ద్ర కోలుకొన్నది. చిలీ దేశంలోని పెద్ద దూరదర్శినితో తీసిన చిత్రాలను పరిశీలించినవారు 2021లో కారణం చెప్పినారు. ఆ నక్షత్రం కొంత వాయువును వెలికి చిమ్మినది. ఉపరితలంలో ఒక భాగం చల్లబడినది. ఆ చల్లదనంలో వాయువు ధూళిగా పేరుకొని మనవైపు తెరవలె అడ్డు నిలిచినది.

ఇట్టిదే ఇంకొకటి. కెప్లర్ కొలిచిన నక్షత్రాలలో కె.ఐ.సి. 8462852 అనేది ఒకప్పుడు నూటికి పదిహేనువంతులు, మరియొకప్పుడు ఇరువదిరెండువంతులు వెలుగు కోల్పోయినది. ఏ గ్రహమును అంత వెలుగును మూయలేదు. తగ్గుదలలో క్రమమును లేదు. కెప్లర్ కొలతలను ఇండ్లలో కూర్చుండి పరిశీలించే స్వచ్ఛంద ఔత్సాహికులు ఈ వింతను మొదట పట్టుకొన్నారు. టబేతా బోయాజియన్ ప్రభృతులు 2015లో దీనిని ప్రకటించినారు. పరలోకవాసులెవరో కట్టిన మహానిర్మాణం అడ్డువస్తున్నదేమో అను ఊహ పత్రికలకు పండుగ అయినది. తరువాత ఆ నక్షత్రం మరల మసకబారినప్పుడు వేరువేరు రంగులలో కొలిచినారు. గట్టి వస్తువు అడ్డువస్తే అన్ని రంగులును సమానంగా తగ్గవలెను. అక్కడ నీలికాంతి ఎక్కువగాను, ఎర్రకాంతి తక్కువగాను తగ్గినది. సన్నని ధూళి చేసే పని అది. పొద్దుగూకేవేళ ఆకాశం ఎరుపెక్కుటలో కూడ గాలిలోని సూక్ష్మకణాలు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడమే కారణం. 2018లో ఈ సంగతి వెల్లడియైనది. మహానిర్మాణం మాట అంతటితో వెనుకబడినది.

కె2-18బి చెప్పినదెంత?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. కె2-18 అనేది సూర్యునికంటె చిన్నదైన ఎర్రని నక్షత్రం. దాని గ్రహం ముప్పదిమూడు దినాల కొకమారు ముందునుండి దాటిపోవును. ఆ గ్రహం వ్యాసం భూమికి రెండున్నరరెట్లు పైన. బరువు ఎనిమిది రెట్లు పైన. అది దాటునప్పుడు తగ్గే వెలుగు వేయింట సుమారు మూడువంతులు. అందులోను గ్రహపు అంచున వాతావరణ మున్నచో, ఆ పలుచని పొరగుండ వడగట్టబడి వచ్చే కాంతి ఇంకను అత్యల్పం. ఏ వాయువు ఏ రంగును మింగునో ముందే తెలియును గనుక, ఏ రంగులో వెలుగు కొంచెం అధికంగా తగ్గినదో చూచి వాయువును గుర్తింతురు. జేమ్స్ వెబ్ దూరదర్శిని కొలతలనుబట్టి అక్కడ మీథేన్, బొగ్గుపులుసు వాయువు ఉన్నవని 2023లో ప్రకటించినారు. డైమిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం లేక దానికి దగ్గరి చుట్టమైన మరియొక పదార్థం ఉండవచ్చునన్నది 2025నాటి మాట. భూమి మీద ఈ పదార్థాన్ని ముఖ్యంగా సముద్రంలోని సూక్ష్మజీవులు పుట్టించును.

ఈ వాంగ్మూలంలో మూడు మెట్లున్నవి. ఆ జాడ నిజమా, కొలతలోని చెదురా అనునది మొదటిది. కేవలం చెదురువల్ల అంతటి జాడ కనబడే అవకాశం వేయింట మూడని ఆ బృందమే చెప్పినది. వ్యవహారంలో అది చాలవచ్చును. ఇట్టి శాస్త్రనిర్ణయానికి ఆ అవకాశం పదిలక్షలలో ఒకటికంటె తక్కువ కావలెను. ఈ సంగతిని వారును దాచలేదు. ఇంకను కొలతలు కావలెనన్నారు. జాడ నిజమైతే అది ఆ పదార్థానిదేనా అనునది రెండవ మెట్టు. ఆ కొలతలనే తీసికొని మరల లెక్కించిన ఇతర బృందాలు సాక్ష్యం చాలదన్నవి. వేరు పదార్థాలతో కూడ ఆ వంపులను వివరింపవచ్చునన్నవి. పదార్థం అదే అయినను జీవమే దానిని పుట్టించినదా అనునది మూడవ మెట్టు. జీవంలేని తోకచుక్క ఒకదానిలో కూడ ఆ పదార్థపు జాడ కలదని 2024లో వెల్లడియైనది. అట్లు చూస్తే మూడు మెట్లలో మొదటిదానిని కూడ ఇంకను గట్టిగా ఎక్కలేదన్నమాట.

అందుచేత ఆ పరిశోధన వ్యర్థమని భావించుట పొరబాటు. నూటయిరువదినాలుగు ఏండ్ల క్రిందట బయలుదేరిన వెలుగులో, దాని వేయింట మూడువంతుల తగ్గుదలలో, అందులోని రంగుల స్వల్పభేదంలో ఒక గ్రహపు గాలిని వెదకగలుగుటయే మహావిజయం. ఆ విజయాన్ని ఉన్నంతలో చెప్పుటకు బదులు గోరంతను కొండంత చేసినందువలన నష్టం శాస్త్రానికే. నేడు "జీవం దొరికినది" అని విని, రేపు "దొరకలేదు" అని విన్న పిల్లవాడు, ఎల్లుండి నిజంగా దొరికినప్పుడు నమ్మకపోవచ్చును.

ఓపికే పరికరం

ఈ శాస్త్రం పెద్ద దేశాల పెద్ద యంత్రాలకే పరిమితమని విద్యార్థులు నిరుత్సాహపడ నక్కరలేదు. నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో ఖజానా గుమాస్తాగా పనిచేసిన రాధాగోవింద చంద్ర పెద్ద చదువులు చదివినవాడు కాదు. 1954 వరకు ఆయన వెలుగు మారే నక్షత్రాలను గమనించి అమెరికాలోని పరిశీలకుల సంఘానికి పంపిన కొలతలు ముప్పదియేడువేలకు పైబడినవి. ఆ సంఘం 1926లో ఆయనకు ఎరువిచ్చిన ఆరంగుళాల దూరదర్శిని తరువాత తమిళనాడులోని కావలూరు వేధశాలకు చేరినది. ఆ వేధశాలకు నేడు వేణు బప్పు పేరున్నది. బప్పు హైదరాబాదులో పెరిగినవాడు; ఆయన తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేసినాడు. నిజాం కళాశాలలో చదువుకొంటున్న దినాలలోనే బప్పు వెలుగు మారే నక్షత్రాల మీద వ్యాసాలు ప్రకటించినాడు. హైదరాబాదుకు సమీపాన జపాల్–రంగాపూర్‌లో 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన నలుబదియెనిమిది అంగుళాల దూరదర్శినితో అల్గోల్‌వంటి జంటనక్షత్రాల గ్రహణాలను అధ్యయనం చేసినారు.

ముందున్న కాలంలో ఈ ఓపిక ఇంకను అవసరం. చిలీలో నిర్మించిన రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తన తొలి చిత్రాలను విడుదల చేసినది. దక్షిణాకాశమంతటిని కొన్ని రాత్రుల కొకమారు చొప్పున పదేండ్లపాటు చిత్రించుట దాని సంకల్పం. ఆకాశంలో ఏది మారినను, ఏది కదలినను ఒక రాత్రిలోనే లక్షలకొలది సూచనలు వెలువడునని అంచనా. సూచనలు పెరిగినకొలది తొందరపాటుకు కూడ అవకాశం పెరుగును.

పాఠశాలలో దీనికి కావలసిన పరికరం ఒక నోటుపుస్తకమే. పుష్య మాఘ మాసాల రాత్రులలో ఆర్ద్రను, దానికి పడమటగా ఎర్రగా కనబడే రోహిణిని పోల్చి, ఏది ఎక్కువ వెలుగుతో ఉన్నదో వారానికొకమారు తేదీ వేసి వ్రాసికొమ్మని పిల్లలకు చెప్పవచ్చును. రెండును ఒకే ఎత్తున ఉన్నప్పుడు చూడవలెననియు, ప్రక్కవాడు వ్రాసినది చూడకుండ వ్రాయవలెననియు నియమం పెట్టవచ్చును. పది పుస్తకాలు ఏకమైన చోట గట్టిదనం, భేదించిన చోట సందేహం ఎట్లుండునో వారికే తెలియును. అప్పుడు కె2-18బి మీద జీవమున్నదా అని అడిగిన విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పవలసిన సమాధానం సులభమగును: "ఒక సాక్షి వచ్చినాడు, అతని మాట ఇంకను సరిచూస్తున్నారు." నిజం నిలకడ మీద తెలియునని మన పెద్దలు చెప్పిన మాటకు ఆకాశం కూడ మినహాయింపు కాదు.